కాచుకొని ఉండుట

“ఆలస్యం అమృతం విషం” అని చెప్పినది మన పెద్దలే. “నిదానమే ప్రధానం” అని చెప్పినదీ ఆ పెద్దలే. ఈ రెండు సామెతలూ ఒకే ఇంట, ఒకే నోట వినబడుతూ ఉంటాయి. మంచి సంబంధం చేజారిపోతుందేమోనని తోచినప్పుడు తాతగారు మొదటి మాట అంటారు. మనుమడు తొందరపడి పొలం అమ్ముతానన్నప్పుడు ఆ తాతగారే రెండవ మాట అంటారు. రెండూ నిజమే. ఎప్పుడు కదలాలో, ఎప్పుడు ఆగాలో తెలియడంలోనే కష్టమంతా ఉన్నది.

వీటికి తోడు మూడవ సామెత ఒకటి ఉన్నది. “ఓర్చినమ్మకు తేటనీరు.” ఎండిన ఏటి ఇసుకలో చెలమ తీస్తే మొదట ఊరేది బురదనీరు. తొందరపడి కడవ ముంచిన ఆమె బురద మోసుకుపోతుంది. కాసేపు ఆగిన ఆమెకు తేటనీరు దొరుకుతుంది. అయితే ఆ ఆగిన ఆమె ఏం చేస్తున్నదో కూడా చూడాలి. ఆమె గట్టున పడి నిద్రపోవడం లేదు. మేకలు వచ్చి చెలమను తొక్కకుండా, పిల్లలు రాళ్ళు వేయకుండా అదిలిస్తూ, నీరు ఎప్పుడు తేరుకుంటుందా అని చూస్తూ కూర్చున్నది. చేయి ఆగి ఉన్నది గాని, కన్ను ఆగలేదు. ఓర్పు అంటే ఈ రెండూ కలిసినదే.

క్రైస్తవ కుటుంబాల్లో క్రిస్మస్ పండుగకు ముందటి నాలుగు ఆదివారాలను ఆగమన కాలమని అంటారు. రాబోయేవానికోసం ఎదురుచూచే కాలమిది. ఈ సంచిక చదువరుల చేతికందేనాటికి ఆ కాలం ప్రారంభమై ఉంటుంది. కనుక ఎదురుచూచుట అనే ఈ విషయాన్ని గూర్చి మన ప్రాంతాన్ని దృష్టిలో పెట్టుకొని నాలుగు మాటలు వ్రాయదలచాము. క్రైస్తవులు కాని చదువరులకు ఇది పరాయి సంగతిగా తోచదని మా నమ్మకం. రాముడు వచ్చే దారిని ప్రతిదినం ఊడ్చి పెట్టుకొన్న శబరి కథ వింటూ పెరిగినవారికి ఎదురుచూపు కొత్త పాఠం కాదు గదా!

మూడు భాషల్లో ఒక మాట

హోసూరు, కృష్ణగిరి సీమల్లో క్రైస్తవులు నేడు వచ్చినవారు కారు. కృష్ణగిరి పట్టణంలో ఫాతిమా మాత దేవాలయమున్నది. ఆ పట్టణానికి చేరువనే ఎలత్తగిరి అనే పాత కథోలిక గ్రామమున్నది. ఈ ప్రాంతం 1930లో ఏర్పడిన సేలం మేత్రాసనంలో ఉండి, 1997లో దానినుండి విడివడిన ధర్మపురి మేత్రాసనంలో చేరినది. ప్రొటెస్టెంటుల్లో 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘానికి చెందినవారూ, ఇతర సంఘాలవారూ ఉన్నారు. గుడిలో ఆరాధన చాలాచోట్ల తమిళంలోనే జరుగుతుంది. అయినా ఇంటికి వచ్చి తెలుగు బైబిలు తెరచే కుటుంబాలు ఉన్నాయి. బడిలో తమిళం, సరిహద్దు సంతలో కన్నడం, పొయ్యి దగ్గర తెలుగు – ఇది మతంతో నిమిత్తం లేకుండా మనందరి బ్రతుకే.

ఈ మూడు భాషల నడుమ బ్రతికేవారికి ఒక లాభం ఉన్నది. ఒక భాషలో కనబడని అర్థం పక్క భాషలో కనబడుతుంది. ఎదురుచూచుటకు తమిళులు ‘కాత్తిరు’ అంటారు. దానిలో మొదటి ముక్క ‘కా’. కా అంటే కాపాడుట, కావలి ఉండుట. తమిళ బైబిలులో ప్రభువుకోసం ఎదురుచూచువారిని గూర్చి చెప్పేటప్పుడు ఈ మాటే వాడారు. కన్నడిగులు ‘కాయు’ అంటారు. బస్సుకోసం కాయడమూ, గొర్రెలను కాయడమూ వారికి ఒకటే మాట. మనమూ ‘కాచుకొని ఉన్నాను’ అంటాము, ‘పశువులు కాస్తున్నాడు’ అంటాము. తమిళుల కావల్, కన్నడిగుల కావలు, మన కావలి – అన్నీ ఆ ఇంటి బిడ్డలే.

మన తెలుగు బైబిలు కీర్తనల్లో మరొక చక్కని మాట పడినది. అది ‘కనిపెట్టుకొనుట’. దేవునికోసం కనిపెట్టుకొని ఉండుట అని మన క్రైస్తవులు నిత్యం అంటూ ఉంటారు. ఈ మాటను మనం ఎన్ని విధాల వాడుతామో చూడండి. “పొయ్యిమీద పాలున్నాయి, కనిపెట్టుకొని ఉండమ్మా” అంటే ఏమరకుండా చూడమని. “నా తర్వాత ఈ బిడ్డను కనిపెట్టుకొని ఉండు” అంటే సాకమని. “దొంగ ఎవరో కనిపెట్టారు” అంటే మరుగున ఉన్నదానిని చూడగలిగారని. ఎదురుచూచుట, ఏమరకుండుట, సాకుట, మరుగైనది చూడగలుగుట – ఈ నాలుగూ ఒక్క మాటలో ఇమిడిపోయినవి.

దీనినిబట్టి మాకు తోచినది ఇది. క్రైస్తవ జీవితంలో ఓర్పుతో ఎదురుచూచుట అంటే కాలం గడిచేదాకా ఊరక కూర్చుండుట కాదు. మన చేతికి అప్పగించిన దానిని కాస్తూ, రాబోయేవానిని కనిపెడుతూ ఉండుట. కావలి లేని ఎదురుచూపు సోమరితనమవుతుంది. ఎదురుచూపు లేని కావలి కూలిపని అవుతుంది.

మంచెమీద కావలి

డెంకణికోట, తళి వైపు పల్లెల్లోని రైతులకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. ఆగమన కాలం వచ్చేసరికి అక్కడ రాగిపైరు కోతకు వచ్చి ఉంటుంది. సరిగా ఆ రోజుల్లోనే అడవులనుండి ఏనుగులు దిగుతాయి. ఆరు నెలల కష్టం ఒక్క రాత్రిలో పోవచ్చును. కనుక పైరు పచ్చగా ఉన్న నాళ్ళకన్నా, పండి కోతకు సిద్ధమైన నాళ్ళలోనే కావలి కఠినం. హోసూరు సముద్రమట్టానికి దాదాపు 3,000 అడుగుల ఎత్తున ఉన్నది. మార్గశిరపు చలిలో కంబళి కప్పుకొని మంచెమీద రాత్రి తెల్లవార్లూ కూర్చుండుట ఎటువంటిదో ఆ రైతునే అడగాలి.

కావలివాడు చేసే పని ఏమిటి? చూడబోతే ఏమీ లేదు. ఒక మంట ఆరిపోకుండా చూచుకొంటాడు. చీకటిలో వినబడే చప్పుళ్ళను వేరు చేసుకొంటాడు – ఇది గాలి, ఇది అడవిపంది, ఇది వెదురు విరిగిన చప్పుడు. అలవాటు లేనివానికి రాత్రి అంతా ఒకటే చీకటి. కావలివానికి రాత్రిలో ఎన్నో జాములు, ఒక్కొక్క జాముకు ఒక్కొక్క గుర్తు. ఒంటరిగా ఉంటే కునుకు పడుతుందని పక్క పొలంవానిని కేకవేసి పలుకరిస్తాడు. తెల్లవారుతుందా లేదా అనే సందేహం మాత్రం అతనికి లేదు. తెల్లవారేదాకా పైరు నిలుస్తుందా అన్నదే అతని చింత.

130వ కీర్తన వ్రాసిన భక్తుడు తన ఎదురుచూపును ఇటువంటి కావలివాని ఎదురుచూపుతోనే పోల్చాడు. కావలివాడు వేకువకోసం చూచేదానికన్నా తన ప్రాణం ప్రభువుకోసం ఎక్కువగా చూస్తున్నదని అతని భావం. అగాధంలోనుండి మొరపెడుతూ ఆరంభించిన కీర్తన అది. సుఖంగా ఉన్నవాడు చెప్పిన మాట కాదు.

సువార్తల్లో దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉన్నది. గెత్సేమనే తోటలో యేసు తన శిష్యుల్లో ముగ్గురిని మెలకువగా ఉండమని అడిగాడు. ఆయన వారిని యుద్ధం చేయమనలేదు, ధనం తెమ్మనలేదు. తనతో కూడ మెలకువగా ఉండమన్నాడు. వారు దుష్టులు కారు, ఆయనయందు ప్రేమ లేనివారూ కారు. అయినా నిద్రపోయారు. చెడుతనంవల్ల గాక అలసటవల్లనే మనుష్యులు ఎక్కువగా కావలి తప్పుతారని ఆ రాత్రి తెలుపుతున్నది. ఇంట్లో దీర్ఘరోగికి సేవ చేసినవారికి ఈ మాట అర్థమవుతుంది. మొదటి నెలలో ఉన్న శ్రద్ధ ఆరవ నెలలో ఉండదు. ప్రేమ తరిగి కాదు, దేహం అలసి. అందుకే కావలి వంతులవారీగా జరగాలి. సంఘమన్నది ఉన్నది ఒకందుకు ఇందుకే. ఒకరు అలసినప్పుడు మరొకరు మేల్కొని ఉండడానికి.

గిల్లివేసిన పూత

అపొస్తలుడైన యాకోబు తన పత్రికలో ఓర్పుకు రైతును ఉదాహరణగా చూపినాడు. తొలకరి వాన, కడవరి వాన రెండూ పడేదాకా రైతు ఓపిక పడతాడని చెప్పినాడు. యూదయ దేశపు వానలను గూర్చి ఆయన ఆ మాట అన్నాడు. అయినా మన సీమకు కూడా ఆ మాట చక్కగా సరిపోతుంది. మనకు నైరుతి ఋతుపవనమూ ఉన్నది, ఈశాన్య ఋతుపవనమూ ఉన్నది. మొదటిది విత్తనానికి, రెండవది గింజకు. ఒకటి వచ్చి రెండవది రాకపోతే పైరు ఏపుగా పెరిగి తాలుపోతుంది. మొదటి ఉత్సాహంతోనే పంట చేతికి వచ్చిందనుకొనేవాడు కర్షకుడు కాడు.

కృష్ణగిరి వైపు మామిడితోటల్లో మరొక పాఠమున్నది. మామిడికి కృష్ణగిరి జిల్లా తమిళనాడులో పేరుపొందినది. అంటుమొక్క నాటిన రెండవ ఏటనో, మూడవ ఏటనో లేత కొమ్మకు పూత వస్తుంది. కొత్తగా తోట పెట్టినవాడు దానిని చూచి పొంగిపోతాడు. అనుభవమున్న రైతు మాత్రం ఆ పూతను గిల్లివేస్తాడు. ఆ వయస్సులో కాయ నిలిపితే చెట్టు బలం కాయకు పోయి, కొమ్మ సాగక, చెట్టు జీవితమంతా గిడసబారిపోతుందని అతనికి తెలుసు. తన చేతికి వచ్చిన ఫలాన్ని తానే వద్దనుకొనుట అన్నిటికన్నా కష్టమైన ఓర్పు. రాని ఫలంకోసం ఆగుట ఎవరికైనా తప్పదు. వచ్చిన ఫలాన్ని కాలం కాదని ఆపుకొనుట తెలిసినవానికే చేతనవుతుంది.

మన తెలుగులో చెట్టు ఫలించుటనూ ‘కాచుట’ అనే అంటాము. మామిడి కాచింది అంటాము, తోట కాచాడు అంటాము. పండితులు ఈ రెండు కాచుటలకు వేరు వేరు మూలాలు చెప్పవచ్చును. మన పల్లె రైతుకు మాత్రం రెండూ ఒకదాని వెంట ఒకటి వచ్చేవే. తోట కాచినవానికే చెట్టు కాస్తుంది.

ఒంగోలు కొండ

తెలుగు క్రైస్తవుల చరిత్రలో ఈ రెండు విధాల ఓర్పునూ ఒక్కచోట చూపించే ఘట్టం ఒకటి ఉన్నది. అది మన సీమకు దూరంగా, ఒంగోలులో జరిగినది. అయినా దానిలో మనకు సంబంధించిన ముడి ఒకటి ఉన్నది. దానిని కొంచెం వివరంగా చెబుతాము.

అమెరికా బాప్తిస్టు సంఘాలవారు తెలుగువారి మధ్య పనికై శామ్యూల్ డే అనే మిషనరీని పంపగా, ఆయన 1836లో మన దేశం చేరాడు. 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏండ్లు గడిచినా చేరినవారు వ్రేళ్ళమీద లెక్కింపదగినంతమందే. ఖర్చు పెట్టేవారికి విసుగు పుట్టినది. 1853లో అమెరికాలో ఆల్బనీ నగరంలో జరిగిన సభలో ఈ తెలుగు మిషనును మూసివేయుదమా అనే చర్చ వచ్చినది. పటంమీద ఆ మిషనుకు నెల్లూరు ఒక్కటే చుక్క. ఆ ఒంటరి నక్షత్రాన్ని గూర్చి శామ్యూల్ స్మిత్ అనే కవి రాత్రికి రాత్రి ఒక గీతం వ్రాయగా, దానిని విన్న సభ మనసు మార్చుకొన్నదని ప్రసిద్ధి.

ఆ తర్వాత కొద్దికాలానికే, 1854 జనవరి 1న వేకువజామున ఒంగోలు దగ్గరి కొండమీదికి అయిదుగురు ఎక్కారు. లైమన్ జూయెట్ అనే మిషనరీ, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు అనే తెలుగు విశ్వాసులు. కింద కనబడే ఊరికోసం వారు ప్రార్థన చేశారు. ఇప్పటికీ దానిని ప్రార్థన కొండ అనే పిలుస్తారు. ప్రార్థన ముగించి దిగివచ్చారు. మరునాడు ఏమీ జరగలేదు. మరుసటి ఏడూ ఏమీ జరగలేదు. 1862లో తిరిగి మిషను మూసివేత మాట వచ్చినది. అప్పుడు అమెరికాలో ఉన్న జూయెట్, ఒంటరిగానైనా తిరిగి వెళతానని పట్టుబట్టాడు. 1865లో ఆయనతోకూడా జాన్ క్లౌ అనే యువకుడు వచ్చాడు. కొండమీది ప్రార్థనకు పన్నెండేండ్ల తర్వాత, 1866లో క్లౌ ఒంగోలులో కాపురం పెట్టాడు. 1867 జనవరి 1న అక్కడ సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు 8 మంది.

ఇక్కడ మరొకరిని మరువరాదు. ఒంగోలుకు పడమటి పల్లెసీమలో యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ కులస్థుడు తోళ్ళ వర్తకం చేసేవాడు. క్రైస్తవ బోధ వినకముందే ఆయన రాజయోగ మార్గంలో ఉపదేశం పొంది, ఏండ్ల తరబడి దేవుని వెదకుతూ, ఇతరులకు బోధిస్తూ వచ్చిన మనిషి. 1866లో ఆయన బాప్తిస్మం పొందాడు. ఆయన మాటవల్లనే చుట్టుపట్ల పల్లెలు కదిలినవి. కొండమీద అయిదుగురు ఎదురుచూస్తున్న కాలంలో, వారెరుగని పల్లెలో ఆ మనిషి కూడా ఎదురుచూస్తూనే ఉన్నాడన్నమాట. మనం ఎవరికోసం కాచుకొని ఉన్నామో వారూ మరొకచోట కాచుకొని ఉండవచ్చును. ఇది మనకు కనబడదు.

ఇప్పుడు చెప్పవలసిన అసలు సంగతికి వచ్చాము. 1876లో ధాత కరువు వచ్చినది. 1878దాకా దక్షిణ దేశాన్ని పీల్చి పిప్పి చేసిన కరువది. మన హోసూరు, కృష్ణగిరి సీమలు అప్పుడు సేలం జిల్లాలో ఉండేవి. ఆ జిల్లాను కూడా ఆ కరువు ఘోరంగా దెబ్బతీసినది. ఒంగోలు దగ్గర అప్పట్లో బకింగ్‌హాం కాలువ త్రవ్వుతున్నారు. సర్వే పని తెలిసిన క్లౌ ఆ కాలువలో సుమారు 3½ మైళ్ళ పని కాంట్రాక్టుకు తీసుకొని, ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించాడు. వేలాదిమంది వచ్చారు. బోధ విన్నారు. బాప్తిస్మం ఇమ్మని అడిగారు.

క్లౌ ఇవ్వలేదు. 30 ఏండ్లకు పైగా ఏ ఫలంకోసం ఎదురుచూచారో ఆ ఫలం గుమ్మం ముందు నిలిచి ఉండగా, ఆయన ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపివేశాడు. కూటికోసం వచ్చారా, దేవునికోసం వచ్చారా అన్నది కరువు తీరేదాకా తెలియదు గదా! కూలిడబ్బులు చేతిలో ఉంచుకొని ఆత్మలను అడగరాదని ఆయన నిర్ణయం. ఇది పూత గిల్లివేయుట వంటిది. కరువు సాయం నిలిచిపోయిన తర్వాత కూడా జనం వచ్చి అడిగినప్పుడు, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం జరిగినది. ఇద్దరిద్దరు చొప్పున ఆరుగురు బోధకులు వంతులు మార్చుకొంటూ ఆ పని చేశారు.

ఈ కథను చెప్పేవారు సాధారణంగా 2,222 అనే అంకె దగ్గర ఆగుతారు. మాకు మాత్రం ఆ అంకెకు ముందున్న మౌనమే గొప్పగా కనబడుతుంది. సాయం పొందేవాని అవసరాన్ని తన విజయానికి వాడుకొనకుండా ఆగినవాడు నిజంగా కనిపెట్టుకొని ఉన్నవాడు. దేవునికోసం మాత్రమే కాదు, తన ముందున్న మనిషికోసం కూడా. మనలో ఎవరు ఎవరికి ఏ మేలు చేసినా, ఏ మతంవారైనా, ఈ కొలబద్దను దగ్గర ఉంచుకొనుట మంచిది.

గడియ లెక్కలు

ఎదురుచూపులో తప్పుదారి కూడా ఉన్నది. శామ్యూల్ డే నెల్లూరులో ఫలం లేక కూర్చున్న ఆ సంవత్సరాల్లోనే అమెరికాలో విలియం మిల్లర్ అనే మరొక బాప్తిస్టు బోధకుడు బైబిలులోని అంకెలను లెక్కవేసి, క్రీస్తు రెండవ రాకడ దగ్గరపడినదని ప్రకటించాడు. ఆయన అనుచరులు చివరికి 1844 అక్టోబరు 22 అని దినం స్థిరపరచుకొన్నారు. ఆ శరదృతువులో కొందరు తమ పొలాల్లో పంట తీయకుండానే విడిచిపెట్టారు. ఆ దినం వచ్చినది, వెళ్ళినది. వేలమంది గుండె పగిలినది. చరిత్రకారులు దానికి ‘మహా ఆశాభంగం’ అని పేరు పెట్టారు.

వారి భక్తిని మేము ఎగతాళి చేయడం లేదు. వారూ ఎదురుచూచినవారే. కాని వారు రాబోయేవానికన్నా రాబోయే దినాన్ని ఎక్కువగా చూచారు. ఆ దినం ధ్యాసలో పడి, చేతికి అప్పగించిన పొలం కాచుట మానివేశారు. ఆ గడియ ఎవరికీ తెలియదని యేసు స్పష్టంగానే చెప్పాడు. తెలియదు గనుకనే మెలకువగా ఉండమన్నాడు. తెలిస్తే ఆ ఒక్కరాత్రి మేల్కొంటే చాలును గదా!

మన హోసూరుకు గడియారాలతో అనుబంధమున్నది. 1980లలో టైటాన్ కర్మాగారం ఇక్కడ వచ్చిన తర్వాత, మన ఊళ్ళో తయారైన గడియారాలు దేశమంతటా చేతులకెక్కినవి. క్షణాన్ని కొలిచే యంత్రాన్ని మన ఊరి చేతులు బిగించగలవు. క్షణం వచ్చేదాకా ఓర్చే మనస్సును మాత్రం ఏ కర్మాగారమూ బిగించలేదు. దానిని ఇంట్లోనే, చిన్ననాటినుండి, కొద్దికొద్దిగా తయారుచేసుకోవాలి.

చూడకుండా వెళ్ళినవారు

ఇంతవరకు చదివినవారిలో కొందరి మనస్సులో ఒక ప్రశ్న ఉండి ఉంటుంది. ఎదురుచూచినా రాలేదే, దానికేమంటారు? బిడ్డ జబ్బు నయం కావాలని ఏండ్లు ప్రార్థన చేసి, చివరికి ఆ బిడ్డను మట్టికి అప్పగించినవారున్నారు. త్రాగుడునుండి భర్త తేరుకొంటాడని జీవితమంతా చూచి, చూడకుండానే కన్నుమూసిన తల్లులున్నారు. వారి ముందు ఒంగోలు కథ చెప్పి, “ఓపిక పట్టండి, తప్పక జరుగుతుంది” అనుట సులభం. అది నిజం కాకపోవచ్చును కూడా.

నిజానికి ఆ ఒంగోలు కథలోనే ఇటువంటివారున్నారు. మొదట వచ్చిన శామ్యూల్ డే 1871లో అమెరికాలో మరణించాడు. గుండ్లకమ్మ ఒడ్డు ఆయన చూడలేదు. దానికి ముందు మాట. లండన్ మిషనుకు చెందిన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ 1805లో విశాఖపట్నం చేరి, ఆనందరాయర్ సహాయంతో సువార్తలను తెలుగు చేసే పని ఆరంభించారు. క్రాన్ 1809లోనూ, డెగ్రాంజెస్ 1810లోనూ పోయారు. మొదటి మూడు సువార్తలు తెలుగులో అచ్చయినది 1812లో, సీరాంపూరులో. మన ఇండ్లలోని తెలుగు బైబిలు వెనుక తమ పని ఫలాన్ని కంటితో చూడనివారి చేతులున్నాయి.

హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 11వ అధ్యాయంలో పూర్వభక్తుల పేర్లను వరుసగా చెప్పి, వాగ్దానాన్ని దూరమునుండి చూచి వందనం చేసి, దానిని పొందకుండానే మృతిపొందారని భావం వచ్చేలా వ్రాసి ఉన్నది. క్రైస్తవ మతగ్రంథం ఈ సంగతిని దాచలేదు. లూకా సువార్తలో సుమెయోను, ప్రవక్త్రి అన్న బాలయేసును కన్నులారా చూచారు. అన్నకు అప్పటికి 84 ఏండ్ల వైధవ్య జీవితమని కొందరు, 84 ఏండ్ల వయస్సని కొందరు అర్థం చెబుతారు. ఎట్లు చెప్పినా దీర్ఘకాలమే. అయితే వారిద్దరివలె ఆ దేవాలయపు వసారాల్లో కాచుకొని, ఆ ఉదయం రాకముందే వెళ్ళిపోయినవారు ఎందరో ఉండి ఉంటారు గదా! వారి ఎదురుచూపు వ్యర్థమని ఎవరనగలరు? వారు నిలిపిన దీపం దగ్గరనే అన్న కూర్చున్నది.

కనుక ఎదురుచూపు విలువ దాని చివర దొరికే వస్తువులో మాత్రమే లేదు. కావలివాడు నిలిచినంతసేపూ పైరు నిలిచినది. అది చిన్న సంగతి కాదు. త్రాగుబోతు తండ్రి మారకపోయినా, ఆ తల్లి కాచుటవల్ల పిల్లలు నిలిచారు. నయం కాని బిడ్డ చివరి శ్వాసదాకా ఒంటరిగా లేదు. దుఃఖంలో ఉన్నవారికి దీనిని ఓదార్పుగా చెప్పడానికి మాకు ధైర్యం చాలదు. ఇది జరిగిన సంగతి మాత్రం అవును.

ఇంట్లో చేయదగినవి

చివరగా, ఇంట్లో అలవాటు చేసుకోదగిన కొన్ని సంగతులు చెప్పి ముగిస్తాము. ఇవి క్రైస్తవ కుటుంబాలనుద్దేశించి వ్రాసినవైనా, ఎవరికైనా పనికివచ్చేవే.

మొదటిది, కుటుంబ ప్రార్థనలో అడుగుట ముగిసిన తర్వాత కొద్దిసేపు మౌనంగా ఉండుట. మన ప్రార్థనల్లో కోరికల పట్టీ పెద్దది, వినే వేళ చిన్నది. బాలుడైన సమూయేలు రాత్రి మూడుమార్లు పిలుపు విని కూడా అది ఏలీ పిలుపే అనుకొన్నాడు. విను అని నేర్పిన ముసలి ఏలీకి కన్ను మందగించినా, ఆ ఒక్క సంగతి కనిపెట్టగలిగాడు. ఇంట్లో పెద్దలుండేది ఇందుకే. ప్రార్థన సమయంలో చేతిఫోనును వేరే గదిలో పెట్టుట కష్టమేమీ కాదు.

రెండవది, ఎదురుచూచే నాళ్ళలో చేతికున్న పనిని మానకుండుట. ఉద్యోగంకోసం చూస్తున్న యువకుడు ఇంటి పెరటిని చూచుకోవచ్చును. పదిమంది కన్యకల ఉపమానంలో అందరూ కునికారని ఉన్నది. బుద్ధిగల అయిదుగురికీ తక్కినవారికీ ఉన్న తేడా నిద్రలో లేదు. ముందుగా తెచ్చి ఉంచుకొన్న నూనెలో ఉన్నది.

మూడవది, మనకోసం కాచుకొని ఉన్నవారిని మరువకుండుట. హోసూరునుండి బెంగళూరు సుమారు 40 కిలోమీటర్లు. తెల్లవారకముందే బయలుదేరి అత్తిబెలె దాటి వెళ్ళి, రాత్రి ఏ వేళకో ఇల్లు చేరే కొడుకులూ కోడళ్ళూ మన ఇండ్లలో ఎందరో. వారు వచ్చేదాకా వీధి తలుపు గడియ వేయకుండా కూర్చునే తల్లికి వేదాంతం తెలియకపోవచ్చును. అన్నం చల్లారకుండా మూతపెట్టి, ప్రతి బండి చప్పుడుకూ తల ఎత్తి, ఇది మనవాడిది కాదని తిరిగి కూర్చునే ఆమెకు ఆగమన కాలపు అర్థం ఎవరూ వివరించనక్కరలేదు. ఆమెతో రెండు మాటలు మాట్లాడకుండా మంచమెక్కుట మాత్రం మన తప్పు.

దేవుడు మనకోసం ఎదురుచూస్తాడని కూడా క్రైస్తవులు నమ్ముతారు. తప్పిపోయిన కుమారుని కథలో తండ్రి, కొడుకు ఇంకా దూరంగా ఉండగానే అతనిని చూచాడని ఉన్నది. అంత దూరాన ఉన్నవానిని చూచాడంటే, ఆ తండ్రి ఎంతకాలంనుండి ఆ దారివైపే చూస్తున్నాడో! మన ఎదురుచూపు ఎప్పుడో ఒకప్పుడు అలసిపోతుంది. మనలను కనిపెట్టుకొని ఉన్నవాని చూపు అలసిపోదన్న ఆ నమ్మకమే చలిరాత్రుల్లో మంచెమీది మంటవంటిది. ఈ ఆగమన కాలంలో ప్రతి ఇంటా ఆ మంట ఆరకుండా ఉండాలని కోరుతున్నాము.